అదే అంకె ఇంకెలా రావచ్చు?

(బెంగళూరులో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగం. మాటల్లో ఉన్నట్టే అక్షరాల్లో పెట్టిన పాఠం.)

నమస్కారమండీ. నా విషయం ‘భౌతికశాస్త్రం నుంచి భాష దాకా ఇటీవలి పరిశోధనలు’ అని ముందే ప్రకటించేశారు. గంటలో అవన్నీ చెప్పడం నావల్ల కాదు, విని గుర్తుపెట్టుకోవడం మీవల్లా కాదు. అందుకని కొన్ని పేపర్లు మాత్రం తీసుకుని, ఒకే ప్రశ్న పట్టుకుని వాటిలోకి దిగుదాం. వీళ్ళకొచ్చిన అంకె, వీళ్ళు చెబుతున్న కారణం లేకపోయినా వచ్చి ఉండేదా? ఏ పేపరుకైనా నేను ముందు వేసే ప్రశ్న ఇదే. ఫలితం గొప్పదా కాదా అన్నది తర్వాత సంగతి.

మన ఊరి పనితోనే మొదలుపెడతాను. మేఖ్రీ సర్కిల్ దగ్గర, సదాశివనగర్‌లో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆ దారిన రోజూ పోయేవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. అక్కడివాళ్ళు ఒక యాంటెన్నాను తెప్ప మీద పెట్టి చెరువులోకి తోశారు. ఎందుకలా అన్నది తెలియాలంటే 2018 దాకా వెళ్ళాలి.

హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాన్ని పీల్చుకుంటుంది, వదులుతుంది. లెక్కలో అది 1420 మెగాహెర్ట్జ్. విశ్వం వ్యాకోచిస్తున్న కొద్దీ ఆ తరంగమూ సాగుతుంది. మొదటి నక్షత్రాలు వెలిగిన రోజుల్లో చుట్టూ ఉన్న హైడ్రోజన్ ఏం పీల్చుకుందో తెలిపే గుర్తు ఇప్పుడు మన దగ్గరికి 100 మెగాహెర్ట్జ్ లోపు ఎక్కడో చేరాలి. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో ఎడ్జెస్ అనే ప్రయోగం చేసినవాళ్ళకి 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పల్లం కనబడింది. పల్లమంటే ఆ చోట సంకేతం బలం తగ్గడం, ఆ బలాన్ని ఉష్ణోగ్రత లెక్కలో, కెల్విన్లలో చెబుతారు. వెడల్పు 19 మెగాహెర్ట్జ్, లోతు అర కెల్విన్. 1420ని 78తో భాగించండి, 18 పైచిలుకు వస్తుంది. అంటే అప్పటినుంచి విశ్వం అన్ని రెట్లు సాగింది. మహావిస్ఫోటం తర్వాత సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటి మాట.

చిక్కు లోతు దగ్గర వచ్చింది. అప్పటిదాకా ఉన్న సిద్ధాంతాల ప్రకారం ఆ పల్లం మహా అయితే 0.2 కెల్విన్ ఉండాలి. అర కెల్విన్ అంటే రెట్టింపు దాటింది. హైడ్రోజన్ అనుకున్నదానికన్నా చల్లగా ఉండి ఉండాలి, దాన్ని చల్లబరిచింది కంటికి కనబడని కృష్ణపదార్థం (డార్క్ మేటర్) ఏమో అంటూ సిద్ధాంతులు పేపర్ల మీద పేపర్లు రాశారు. మన ప్రశ్న వేరు. అర కెల్విన్ పల్లం ఇంకెలా రావచ్చు?

ఆ పౌనఃపున్యాల్లో మన పాలపుంత నుంచే వచ్చే రేడియో వెలుగు వెయ్యి కెల్విన్లకు పైమాట. అందులో అర కెల్విన్‌ను వెతకాలి. రెండువేలలో ఒక వంతు పొరపాటు చాలు, అంతా తారుమారు. పొరపాట్లు పుట్టే తావుల్లో మొదటిది యాంటెన్నా కింద నేల. ఎడ్జెస్ వాళ్ళు అడుగున సుమారు 30 మీటర్ల చదరపు ఇనుప జల్లెడ పరిచారు. ఆ జల్లెడ అంచు దగ్గర కొంత తరంగం తిరగబడుతుంది. కొంత మట్టిలోకి దిగి, కింద రాతిపొరో తేమపొరో తగిలి వెనక్కి వస్తుంది. సూటిగా వచ్చిన తరంగంతో అది కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాల దగ్గర బలం పెరుగుతుంది, కొన్నిచోట్ల తగ్గుతుంది. అలా వచ్చే అలకు వెడల్పు ఎంత? కాంతివేగాన్ని అదనంగా నడిచిన దూరంతో భాగిస్తే చాలు. 15 మీటర్లు ఎక్కువ నడిచిందనుకోండి, సెకనుకు 30 కోట్ల మీటర్లను 15తో భాగిస్తే 2 కోట్లు, అంటే 20 మెగాహెర్ట్జ్. మనం వెతుకుతున్న పల్లం వెడల్పు 19. ఇది నా మోటు లెక్క సుమా, ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇదే జరిగిందని చెప్పడం లేదు. అయితే ఆ జల్లెడ అడుగునే ఒక అనునాదం పుట్టి ఆ పల్లాన్ని చూపించగలదని 2019లో వేరే బృందం లెక్కలు వేసి చూపించింది.

మన రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ప్రయోగం పేరు సారస్. దాని మూడో రూపంలో నేలనే తీసి పక్కన పెట్టారు. మట్టిలో ఎన్ని అడుగుల కింద ఏముందో తవ్వితే తప్ప తెలియదు, తవ్వితే నేల మారిపోతుంది. నీరు అలా కాదు, ఎక్కడ ముట్టుకున్నా ఒకటే. తరంగాలతో అది ఎలా మెలుగుతుందో ముందే తెలుసు, ఉప్పెంతుందో కొలుచుకోవచ్చు, అడుగున దాగిన పొరలుండవు. శంఖువు ఆకారపు యాంటెన్నాను తెప్ప మీద నిలబెట్టి, రిసీవర్‌ను దాని కిందే అమర్చి, సంకేతాన్ని ఆప్టికల్ ఫైబర్ మీద ఒడ్డుకు తెచ్చారు. రిసీవర్ దూరంగా ఉంటే మధ్యలో పొడుగాటి రాగి కేబుల్ కావాలి. రెండు కొసల మధ్య సంకేతం అటూ ఇటూ కొట్టుకుని, అదీ ఇలాంటి అలల్నే పుట్టిస్తుంది. నేల గొడవ వదిలించుకుని కేబుల్ గొడవ తెచ్చుకుంటే లాభమేముంది?

2020 మొదట్లో దండిగానహళ్ళి చెరువులోనూ, శరావతి వెనుక జలాల్లోనూ దీన్ని తేల్చారు. 87.5 మెగాహెర్ట్జ్ నుంచి ఎఫ్‌ఎం స్టేషన్లు మొదలవుతాయి గనక ఊళ్ళకు దూరంగా పోక తప్పదు. బెంగళూరులో ఈ కొలత కుదరదు, సంకేతం కన్నా పాటలే ఎక్కువ వినబడతాయి. (నవ్వులు) 2022 ఫిబ్రవరిలో నేచర్ ఆస్ట్రానమీలో ఫలితం వచ్చింది. ఎడ్జెస్ చెప్పిన ఆకారంలో పల్లం లేదు, 95.3 శాతం విశ్వాసంతో తోసిపుచ్చుతున్నాం అన్నారు.

ఇక్కడ పత్రికలు ఎక్కడ జారాయో చూడండి. ‘తొలి నక్షత్రాల సంకేతం అబద్ధం’ అన్న అర్థం వచ్చేలా రాశారు. సారస్ తోసిపుచ్చింది ఆ వెడల్పూ ఆ లోతూ ఉన్న ఒక్క ఆకారాన్నే. 0.2 కెల్విన్ లోపు మామూలు పల్లం ఉందో లేదో ఈ కొలత తేల్చలేదు, తేల్చానని అనలేదు కూడా. 95.3 శాతం అంటే భౌతికశాస్త్రంలో ఆఖరి మాట కాదు.

రెండోది మీ వాట్సాప్‌కు కూడా వచ్చే ఉంటుంది. 2023 జులైలో కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే-99 అనే పదార్థం. గది ఉష్ణోగ్రత దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో సూపర్‌కండక్టర్, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారే పదార్థం, అన్నారు. 1911లో కామెర్లింగ్ ఓన్స్ పాదరసంలో 4.2 కెల్విన్ దగ్గర మొదటిసారి చూసినప్పటినుంచి అందరూ కలలుగంటున్న వస్తువు. దీని తయారీ ఎవరైనా చేసి చూడగలిగినంత తేలిక, అదే దాని పేరు మోగడానికి కారణం. సీసపు ఆక్సైడు, సీసపు సల్ఫేటు సమపాళ్ళలో నూరి 725 డిగ్రీల దగ్గర 24 గంటలు కాల్చితే లానార్కైట్ అనే సీసపు సమ్మేళనం వస్తుంది. రాగి, భాస్వరం పొడులు గాలి తీసేసిన గొట్టంలో 550 డిగ్రీల దగ్గర 48 గంటలుంచితే రాగి ఫాస్ఫైడు. ఈ రెండిటినీ కలిపి నూరి, గాలి తీసిన క్వార్ట్జ్ గొట్టంలో మూసి 925 డిగ్రీల దగ్గర అయిదు నుంచి ఇరవై గంటలు. ఇళ్ళలో ఎవరూ ప్రయత్నించకండి, సీసం విషం, గొట్టం పేలుతుంది.

ఇప్పుడు పరమాణువులు లెక్కపెడదాం. కావలసిన పదార్థంలో ఒక ప్రమాణానికి ఆరు భాస్వరం పరమాణువులుంటాయి. భాస్వరం వచ్చేది రాగి ఫాస్ఫైడు నుంచే, అందులో ఒక భాస్వరానికి మూడు రాగి. ఆరు భాస్వరాలతో పాటు 18 రాగి వచ్చిపడతాయి. వస్తువులోకి చేరాల్సిన రాగి ఒక్కటే. మిగతా 17 ఎక్కడికి పోతాయి? అటువైపు సీసం కోసం లానార్కైట్ వేశాం, దాంతో అయిదు గంధకం వచ్చాయి. వాటికీ పదార్థంలో చోటు లేదు. మూసిన గొట్టంలో చోటు దొరకని రాగి, చోటు దొరకని గంధకం, 925 డిగ్రీల వేడి. రాగి సల్ఫైడు పుట్టకపోతే ఆశ్చర్యపోవాలి.

పేపర్లో గొప్పగా చూపిన గ్రాఫులో నిరోధం 104.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర దబ్బున పడిపోతుంది. ఆ అంకె చూడగానే ఇలినాయ్‌లో ప్రశాంత్ జైన్ అనే రసాయన శాస్త్రవేత్తకు వెలిగింది. రాగి సల్ఫైడు స్ఫటిక నిర్మాణం మారేది 104 డిగ్రీల దగ్గరే. దాని కింద, దాని పైన నిరోధం వేల రెట్లు తేడా. ఆ తేదీకి దశాబ్దాల ముందునుంచే పాత పుస్తకాల్లో ఉన్న సంగతి అది. చైనాలో రాగి సల్ఫైడు కలిసిన శాంపిల్ కొలిస్తే అదే రకం పతనం కనబడింది. జర్మనీలో స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు గంధకం రాకుండా వేరే దారిలో శుద్ధమైన స్ఫటికం పెంచారు. ఊదారంగులో, అద్దంలా పారదర్శకంగా వచ్చింది. నిరోధం మిలియన్ల ఓములు. సూపర్‌కండక్టర్ సంగతి అటుంచండి, అది కరెంటే పారని బంధకం. మన ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్ళు కూడా తొలి వారాల్లోనే చేసి చూసి, అలాంటిదేమీ లేదని చెప్పారు.

మరి అయస్కాంతం మీద సగం లేచిన ముక్క వీడియో సంగతి? సూపర్‌కండక్టర్ అయితే ఏ మూలా ఆనకుండా తేలుతుంది, వంచినా అలాగే ఉంటుంది. ఆ ముక్క ఒక అంచు నేలకే ఆనించి ఉంది. మామూలు ఫెర్రో అయస్కాంత గుణం కాస్తుంటే చాలు, సన్నటి రేకులాంటి ముక్క అలా నిలబడుతుంది.

ఈ రంగంలో గ్రాఫు చూసేటప్పుడు నిలువు అక్షం చూడండి. సున్నా అని రాసినచోట పరికరం కొలవగల కనిష్ఠం ఎంత? రెండు తీగలతో కొలిస్తే తీగకూ శాంపిల్‌కూ మధ్య అతుకు నిరోధం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే నాలుగు తీగలు వాడతారు, బయటి రెండిటిలో కరెంటు, లోపలి రెండిటిలో వోల్టేజి. అందులోనూ ఒక తీగ సరిగ్గా అతుక్కోకపోతే వోల్టేజి సున్నా చూపిస్తుంది. ‘నిరోధం సున్నా’ అన్నది ఊడిపోయిన తీగ కూడా అయివుండవచ్చు.

పదార్థాలతో ఇంత గొడవుంటే మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక హైదరాబాదు బస్తీలకు వద్దాం. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేపరు, కాస్త ఎక్కువసేపు తీసుకుంటాను.

సూక్ష్మరుణం, అంటే పేదలకిచ్చే చిన్న అప్పు, పేదరికాన్ని తగ్గిస్తుందా? అప్పు తీసుకున్న కుటుంబాల్నీ తీసుకోని కుటుంబాల్నీ పోల్చి, తీసుకున్నవాళ్ళు బాగున్నారు గనక మేలు చేసిందనడం పాత పద్ధతి. ఇంకెలా రావచ్చు ఆ తేడా? అప్పు తెచ్చి కొట్టు పెట్టే ధైర్యమున్న ఆవిడ అప్పు లేకపోయినా ఏదో ఒకటి చేసేదే. రుణసంస్థ కూడా ఎదుగుతున్న బస్తీ చూసుకునే శాఖ తెరుస్తుంది. బాగుపడబోయేవాళ్ళ దగ్గరికే అప్పు వెళ్ళింది గానీ, అప్పు వల్ల బాగుపడ్డారని తేలదు.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ కలిసి చేసినదేమిటంటే, స్పందన అనే రుణసంస్థతో మాట్లాడుకుని 104 బస్తీలు ఎంచుకుని, అందులో 52 లాటరీ వేసినట్టు తీసి, 2006-07లో అక్కడ మాత్రమే శాఖలు తెరిపించారు. అప్పు ఆడవాళ్ళకే, ఆరు నుంచి పది మంది గ్రూపుగా. మొదటి అప్పు 10,000 రూపాయలు, 50 వారాల వాయిదా, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. ఫ్లాట్ అంటే తీరిన అసలు మీద కూడా వడ్డీ పడుతూనే ఉంటుంది. వారం వారం అసలు తగ్గుతుంది గనక సగటున సంవత్సరమంతా చేతిలో ఉండేది సగమే, అందుచేత నిజం వడ్డీ 24 శాతం దరిదాపు. వారానికి 220 రూపాయల పైచిలుకు కట్టాలి.

15 నుంచి 18 నెలల తర్వాత ఒక్కో బస్తీలో సుమారు 65 ఇళ్ళ చొప్పున 6,800 పైన ఇళ్ళు తిరిగారు. ఎంత పెద్ద సర్వే అనుకుంటాం. ఎందుకంత కావలసి వచ్చిందో చూడండి. స్పందన రాని బస్తీల్లోకి వేరే సంస్థలు వచ్చేశాయి, వాటినెవరు ఆపుతారు? అక్కడా 18 శాతం ఇళ్ళు సూక్ష్మరుణం తీసుకున్నాయి. స్పందన వచ్చినచోట సుమారు 27. తేడా 8.4 శాతం బిందువులే. అప్పు తీసుకున్న ఇంటి నెల ఖర్చు 1,000 రూపాయలు పెరిగిందనుకుందాం. బస్తీ మొత్తం సగటులో అది 84 రూపాయలుగా కనబడుతుంది. పండగ నెలకూ మామూలు నెలకూ మధ్య ఒకే ఇంట్లో దానికి ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. ఆ గోలలో 84 రూపాయలు వినబడాలంటే వేల ఇళ్ళు తిరగాల్సిందే.

ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. సగటు వినియోగం చెప్పుకోదగ్గంత పెరగలేదు. మన్నికైన సామాన్లు కొనడం పెరిగింది. టీ, పొగాకు, విందుల్లాంటి ఖర్చు తగ్గింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు దాన్ని పెంచుకున్నారు, లాభాలు మాత్రం అప్పటికే బాగా నడుస్తున్న పైవరస వ్యాపారాలకే పెరిగాయి. పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటులోనూ మార్పు కనబడలేదు. అప్పు మేలు చేయదనడానికి కొందరు దీన్ని వాడారు. అప్పు నాశనం చేస్తుందని 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది కదా, ఆ వాదనకూ ఇది సాక్ష్యం చెప్పదు. కుటుంబాలు కుప్పకూలినట్టూ సగటులో లేదు మరి. రెండు పక్షాలకూ నిరాశే.

ఇంకో మెలిక ఉంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ సర్వే చేశారు. అప్పటికి మిగతా 52 బస్తీలకూ స్పందన వెళ్ళింది, అప్పులున్న ఇళ్ళ వాటా రెండువైపులా దాదాపు ఒకటే, మూడో వంతు. అందుచేత రెండో సర్వే చెప్పేది ‘ముందు అందినవాళ్ళు, తర్వాత అందినవాళ్ళు’ అన్న తేడాయే. ‘దీర్ఘకాలంలో అప్పు ప్రభావం సున్నా’ అని ఆ పట్టికను ఉటంకిస్తే పేపర్లో లేనిది చెప్పినట్టు.

ఇలాంటి జాగ్రత్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీ కూలి స్మార్ట్‌కార్డుల అధ్యయనంలోనూ ఉంది. కార్తీక్ మురళీధరన్ బృందం, 157 మండలాలు, 1.9 కోట్ల జనాభా. కార్డులొచ్చిన మండలాల్లో రెండేళ్ళయినా సగం చెల్లింపులే కార్డు మీదికి మారాయి. మారిన ఊళ్ళను మాత్రం ఏరుకుంటే ఫలితం ఇంకా మెరిసేది, కానీ ముందు మారింది బాగా నడిచే ఊళ్ళే అయివుంటాయి. అందుకని మారని ఊళ్ళతో సహా మండలం మొత్తాన్ని లెక్కలోకి తీసుకున్నారు. అలా తీసుకున్నా కూలి డబ్బు చేతికి రావడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, మధ్యలో మాయమయ్యే సొమ్మూ తగ్గింది.

ఇక భాష. 2018లో ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4,500 సంవత్సరాలని ఒక పేపరు వచ్చింది. డెహ్రాడూన్‌లో పనిచేసే విష్ణుప్రియ కొలిపాకం, ఆమె సహచరులు రాసినది. 20 భాషలు, ఒక్కోదానికి నిత్యం వాడే వంద అర్థాల పట్టిక. కన్ను, కణ్ణు, కణ్ – ఒకే వేరు, ఒకే గుర్తు. కన్నడంలో నాయి, తమిళంలో నాయ్, మనకు కుక్క – వేరే గుర్తు. ఈ ఒకట్లూ సున్నాలూ కంప్యూటర్‌కు ఇచ్చి, ఏ భాషల వంశవృక్షం అయితే ఈ పట్టికకు బాగా సరిపోతుందో లెక్కిస్తారు. తప్పు జరిగేది పట్టిక నింపే దగ్గర. ‘నెత్తురు’ అని రాస్తే మన వేరు, ‘రక్తం’ అని రాస్తే అరువు మాట, లెక్కలోంచి తీసేయాలి. కన్నడ తెలుగులు వందల ఏళ్ళుగా ఇరుగుపొరుగు, మన హొసకోటె, కోలారు, చింతామణి వైపు వింటే తెలుస్తుంది. ఇచ్చిపుచ్చుకున్న మాటను తాతల ఆస్తి అని గుర్తు పెడితే, రెండు భాషలూ లేని దగ్గరితనాన్ని లెక్కలో చూపిస్తాయి. నిజానికి తెలుగు గోండి, కువి, కొండ భాషల పక్కన కూర్చుంటుంది, కన్నడ తమిళం పక్కన. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ధ్వని సూత్రాలతో చూపించినది అదే.

ఆ 4,500 అన్న అంకెకు పేపర్లో రెండు కొసలున్నాయి, 3,000 నుంచి 6,500 దాకా. వార్తలో కొసలు ఎగిరిపోయాయి, మధ్యది మిగిలింది. ఇంకొందరు ‘తెలుగు వయసు 4,500 ఏళ్ళు’ అని పోస్టర్లు వేశారు. అది కుటుంబం మొదట చీలిన కాలం, తెలుగు పుట్టిన తేదీ కాదు. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా చెప్పుకునే కలమళ్ళ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, అదీ రాతకు తేదీయే, మాటకు కాదు.

పక్క రాష్ట్రం ఇనుము సంగతి క్లుప్తంగా. 2025 జనవరిలో తమిళనాడు పురావస్తు శాఖ నివేదికలో తూత్తుకుడి జిల్లా శివగళై తవ్వకాలకు క్రీ.పూ. 3345 దాకా తేదీలు చూపారు. తేదీ కట్టింది ఇనుప వస్తువుకు కాదు, దాంతో పాటు దొరికిన బొగ్గులాంటి వాటికి. బొగ్గుకు కార్బన్ తేదీ కడితే కొయ్య ఎప్పుడు పెరిగిందో తెలుస్తుంది, ఎప్పుడు కాలిందో కాదు. మహావృక్షం నడిమి చేవ అయితే తేదీ వంద, రెండొందల ఏళ్ళు పాతదిగా కనబడుతుంది. దాంతో వేల ఏళ్ళ తేడా రాదు, ఆ మాటా చెప్పాలి. అసలు ప్రశ్న, ఆ బొగ్గూ ఆ ఇనుమూ ఒకే రోజు ఆ పొరలోకి చేరాయా అన్నది. అదే శివగళై కుండలో దొరికిన వడ్లకు క్రీ.పూ. 1155 వచ్చింది. గింజ ఒక్క పంటకాలంలో పెరిగేది గనక అలాంటి తేదీ మీద నాకు నమ్మకం ఎక్కువ.

(ప్రశ్న: సామాన్య పాఠకుడు పేపరు తెరిస్తే ముందు ఏం చూడాలండీ?)

సారాంశం చదవండి, కానీ అక్కడ ఆగకండి. తర్వాత ముగింపుకి దూకకుండా పద్ధతుల భాగానికి వెళ్ళండి. సామాజిక పరిశోధన అయితే మొదటి పట్టిక చూడండి, రెండు గుంపులూ మొదట్లో ఒకేలా ఉన్నాయా లేదా అక్కడ ఉంటుంది. ఎంతమందితో మొదలై ఎంతమందితో ముగిసిందో చూడండి. మధ్యలో ఇల్లు మారినవాళ్ళు ఒకవైపే ఎక్కువైతే ఫలితం ఒరుగుతుంది. ప్రయోగశాల పేపరు అయితే అనుబంధం దించుకోండి, శాంపిళ్ళు ఎన్ని చేస్తే ఎన్ని పనిచేశాయో చాలాసార్లు అక్కడే దాక్కుంటుంది. ప్రీప్రింట్ (పత్రికలో సమీక్ష కాకముందే ఆన్‌లైన్లో పెట్టిన పేపరు) అయితే ఎన్నో కూర్పో, మొదటి కూర్పుకూ దీనికీ ఏం మారిందో చూడండి.

ఇంకోటి, పత్రిక పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. రంగా డయాస్ బృందం గది ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్ పేపరు 2020లో నేచర్‌లోనే వచ్చింది, 2022లో ఉపసంహరించారు. 2023 మార్చిలో లుటీషియం హైడ్రైడ్ మీద ఇంకోటి, అదీ నేచర్‌లోనే, ఆ నవంబరుకల్లా ఉపసంహరణ. ఎవరో పంపిన పీడీఎఫ్‌లో ఆ ముక్క ఉండకపోవచ్చు. పత్రిక సైటుకు వెళ్ళి అదే పేపరు తెరిస్తే పేరు పైనే పట్టీ కనబడుతుంది. ఫార్వర్డ్ చేసే ముందు ఆ అర నిమిషం పెట్టండి చాలు.